కారు కింది ఆర్మ్ బోల్టు అస్సల్ కదుల్తలేదు, ప్లేటింగ్ గూడ చేపియ్యాలె, జెర చెప్పుండ్రి

మట్టెవాడ పోరడు:
పొద్దుగాల నుంచి బండి కింద్నే ఉన్న. ముందటి చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్‌కు నట్టు వచ్చింది గని బోల్టు బుష్‌ల (రబ్బరు తొడుగుల) జంగు పట్టి అతుక్కపోయింది. జంగు ఇడిపిచ్చే డబ్ల్యూడీ 40 స్ప్రే డబ్బా ఖాళీ అయింది. పానాకు పైపు తొడిగి గుంజితే పైపే వంగింది. రేపు కాల్చనీకి గ్యాస్ మంట తెప్పియ్యాల్నా? సస్పెన్షన్ సామానంత ఇప్పి హైదరాబాద్ బాలానగర్‌ల పసుపు జింక్ ప్లేటింగ్ చేపిద్దామని ఉన్న. తెలిసినోళ్లు చెప్పుండ్రి, దిమాక్ ఖరాబైతాంది.

పద్మిని 1100:
తమ్మీ, స్ప్రింగ్ కంప్రెసర్ పెట్టినవా లేదా? కాయిల్ స్ప్రింగ్‌ను నొక్కి పట్టకుంట ఆర్మ్ ఇప్పితే అది ఎగిరొచ్చి మనిషి పానం తీస్తది. ముందు అది చూస్కో, బోల్టు సంగతి తర్వాత.

లేత్ భాయ్:
ఏం బండి?

కెమిస్ట్రీ సార్, కరీంనగర్:
పసుపు జింక్ అంటున్నారు కాబట్టి చెప్పాలి. ఆ పసుపు జింక్‌ది కాదు, దాని మీద వేసే క్రోమేట్ పొరది. పాత పద్ధతిలో అందులో హెక్సావలెంట్ క్రోమియం ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. ట్రైవలెంట్‌తో (అంత హాని లేని క్రోమియం రకంతో) చేసేవాళ్లను అడిగి వేయించండి, రంగు కొంచెం తేడాగా వచ్చినా ఫరవాలేదు. జంగు వదలడానికి ఇంట్లో ఆసిడ్ వాడి ఆ నీళ్లు నాలాలో పోయకండి. మన నాలాలు చివరికి చెరువుల్లోకే పోతాయి.

మట్టెవాడ పోరడు:
సార్, నాలా సంగతి తర్వాత, బోల్టు రావాలె ముందు. కాయిల్ స్ప్రింగ్ ఏడిదన్నా, అంబాసిడర్ కదా. మార్క్ 2, 1974. బాపు నడిపిన బండి.

లేత్ భాయ్:
అంబాసిడర్‌కు ముందట టార్షన్ బార్. గ్యాస్ దగ్గరికి రానియ్యకు.

కాజీపేట షెడ్, రిటైర్డ్:
లేత్ భాయ్ మాట పట్టించుకో బిడ్డా. టార్షన్ బార్ అంటే స్ప్రింగే, సుట్టుకోకుంట పొడుగ్గ ఉన్న స్ప్రింగ్. దానికి టెంపర్, అంటే కాల్చి పట్టిచ్చిన గట్టితనం ఉంటది. ఆర్మ్‌ను ఎర్రగ కాలిస్తే ఆ వేడి బార్‌కు పాకి టెంపర్ పోతది. ఇయ్యాల తెల్వది, రేపు ముందుభాగం ఓ దిక్కు ఒరిగినంక తెలుస్తది.

ఆ బోల్టును తిప్పుడు బంజేయ్. బుష్ లోపలి ఇనుప గొట్టం, బోల్టు ఒకటే ముద్దయినయి, ఎంత తిప్పినా రబ్బరు మెలి పడుడే. ఆర్మ్‌కు, బ్రాకెట్‌కు నడుమ సందుల యాక్సా బ్లేడు పెట్టి రెండు దిక్కుల కోసెయ్యి. బోల్టు, బుష్ ఎట్లైనా కొత్తయే ఎయ్యాలె, వాటి మీద పావురం వద్దు.

కోసేముందు ఆర్మ్ కింద జాక్ పెట్టు, బండి మాత్రం స్టాండ్ల మీద ఉండాలె, ఇటుకల మీద కాదు. పై జాయింటు ఇప్పినంక జాక్‌ను మెల్లగ దించితే బార్ మెలి ఇడుస్తది. బార్ రెండు కొసల పండ్ల మీద పెయింట్‌తోని గుర్తు పెట్టుకో. పంచ్ కొట్టకు. బార్ మీద గోరంత గీత పడ్డా పగులు అక్కడ్నుంచే మొదలైతది. ఎడమది ఎడమకే, కుడిది కుడికే.

ప్లేటింగ్‌కు బార్‌ను, ఎనక కమాన్ పట్టీలను అస్సల్ పంపకు. ఆసిడ్ల, కరెంటు తొట్టిల హైడ్రోజన్ ఉక్కు లోపలికి ఎక్కుతది. గట్టి ఉక్కు ఎంత గట్టిదైతే అంత పెళుసు బారుతది, బరువు పడ్డంక ఎప్పుడో ఠప్పున ఇరుగుతది. వీటికి రెడ్ ఆక్సైడ్ కొట్టి నల్ల ఎనామిల్ ఎయ్యి.

పద్మిని 1100:
అన్నా, అన్నిటికీ గాల్వనైజింగ్ చేపిస్తే జిందగీ అంత జంగు రాదు కదా?

కెమిస్ట్రీ సార్, కరీంనగర్:
గాల్వనైజింగ్ వేరు, ఎలక్ట్రోప్లేటింగ్ వేరు. గాల్వనైజింగ్‌లో దాదాపు 450 డిగ్రీల కరిగిన జింక్‌లో ముంచుతారు. కరెంటు స్తంభాలకు సరే, బోల్టు మరలకు ఆ మందం పట్టదు. ప్లేటింగ్‌లో 8 మైక్రాన్లు వేసినా మర పిచ్ వ్యాసం (మర పండ్ల నడిమి కొలత) దానికి నాలుగింతలు, అంటే 32 మైక్రాన్లు పెరుగుతుంది. నట్టు బిగుసుకుందంటే కారణం అదే.

పద్మిని 1100:
మా దగ్గర రెండిటినీ గాల్వనైజింగ్ అనే అంటరు సార్.

కెమిస్ట్రీ సార్, కరీంనగర్:
అలా అడిగితే షాపువాడు ముంచి ఇస్తాడు, తర్వాత బోల్టు ఎక్కదు. గట్టి బోల్టులకు ప్లేటింగ్ అయిన 4 గంటల్లోపు ఓవెన్‌లో పెట్టి 190 నుంచి 220 డిగ్రీల దగ్గర కనీసం 4 గంటలు కాల్చాలి, ఆ హైడ్రోజన్ బయటికి పోవడానికి. పసుపు పొర వేయాల్సింది ఆ తర్వాతే, ముందే వేస్తే వేడికి పాడవుతుంది. బోల్టు తల మీద గట్టిదనం నంబరు 8.8 దాకా ఉంటే భయం లేదు.

లేత్ భాయ్:
పాత బోల్టుల మీద నంబరు ఉండది. తల మీద ఆరు గీతలుంటే గట్టిది, మూడుంటే నడిమిది.

కెమిస్ట్రీ సార్, కరీంనగర్:
ఆ గీతలు అమెరికన్ గుర్తులు. అన్ని బోల్టుల మీద ఉండవు.

లేత్ భాయ్:
ఉన్నకాడ ఉంటయ్ సార్.

మట్టెవాడ పోరడు:
కోస్తే వచ్చింది కాకా. థ్యాంక్స్.

కాజీపేట షెడ్, రిటైర్డ్:
మంచిది. బార్ మీద పాత గీతలేమన్న ఉన్నయా చూసి చెప్పు.

పద్మిని 1100:
బాలానగర్‌ల చిన్న లాటు తీసుకునేటోళ్లు ఎవరన్న ఉన్నరా? నాయి ఒక బకెట్ నట్టు బోల్టులే, ఓవెన్ గూడ ఉండాలె.