కస్టమ్ లేజర్‌కి 30 వేలు ఎక్కువ అంటున్నారు, పెట్టొచ్చా?

కొండారెడ్డి_బురుజు:
వయసు 24. సైట్ కుడి కంటికి మైనస్ 5.5, ఎడమ కంటికి మైనస్ 5, సిలిండర్ ఒకటింపావు. రెండేళ్లుగా నంబరు మారలేదు. కర్నూలు నుంచి హైదరాబాద్ వెళ్లి చూపించుకున్నా. అద్దాలు తీసేసే మామూలు లేజర్ ఆపరేషన్ ఒక రేటు, 'మీ కంటికి తగ్గట్టు చేసే' కస్టమ్ లేజర్‌కి ఇంకో 30 వేలు అన్నారు. అంత తేడా నిజంగా కనిపిస్తుందా? ఎన్ని రోజులు సెలవు పెట్టాలి? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ఆ లోపు అయిపోతే బాగుంటుంది.

రాజంపేట_లారీ:
2019లో చేయించుకున్నా. మర్నాడు పొద్దున లేవగానే గోడ గడియారంలో ముళ్లు కనిపించాయి. దిండు కింద అద్దాలు వెతికే అలవాటు మాత్రం ఆరు నెలలు పోలేదు. నా బాధ రాత్రి డ్రైవింగ్‌తోనే. కడప నుంచి తిరుపతి వెళ్తుంటే రాజంపేట దాటాక ఎదురు లారీ లైటు చుట్టూ గుడి కట్టినట్టు వెలుగు. ఇప్పుడు తగ్గింది, పూర్తిగా పోలేదు. చీకట్లో నా కనుపాప బాగా పెద్దదవుతుందట. ముందే కొలిచారు, నాకు చెప్పలేదు.

తాడిపత్రి_బండ:
బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తూ ఏప్రిల్‌లో చేయించుకున్న తెలివైనవాణ్ణి నేను. లేజర్ వల్ల కార్నియాలో, అంటే కంటి ముందుండే పారదర్శక పొరలో, సన్న నరాలు తెగుతాయి, కొన్ని నెలలు కళ్లు పొడిబారతాయి. దానికి తోడు రాతి దుమ్ము. గంటకోసారి చుక్కల మందు. సెలవంటావా, మూడో రోజు నుంచి కంప్యూటర్ ముందు కూర్చోవచ్చు, దుమ్ములోకి మాత్రం పోవద్దు. వారం తలస్నానం లేదు, కాటుక లేదు. కళ్లు నలిపావో అయిపోయావు.

పెన్నా_ఒడ్డు:
'సంబంధాల లోపు' అంటే? అబ్బాయి వాళ్లకు సైట్ ఉన్న సంగతి చెప్పరా?

మామిడికాయ_పప్పు:
అదేం ప్రశ్న సామీ! బట్టతలకు జుట్టు నాటించుకున్నవాళ్లు పెళ్లిచూపుల్లో చెప్తున్నారా?

పెన్నా_ఒడ్డు:
అక్కా, జుట్టు వేరు, కన్ను వేరు. లేజర్ అద్దాలను తీసేస్తుంది, మైనస్‌కి కారణమైన కన్ను పొడవును తగ్గించదు. మైనస్ ఎక్కువున్నవాళ్లకు రెటీనా, అంటే కంటి వెనక పొర, పలచబడే ప్రమాదం ఆపరేషన్ తర్వాత కూడా అలాగే ఉంటుంది. పిల్లలకూ సైట్ రావచ్చు. మా మరదలి పెళ్లయ్యాక ఈ విషయం తెలిసి రెండేళ్లు సాధించారు.

మామిడికాయ_పప్పు:
సాధించినవాళ్లను అనకుండా పిల్లను అంటావేం? మా ఆయనకు మైనస్ 4. పెళ్లిచూపుల్లో అద్దాలు జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. నా మొహమే సరిగా కనిపించలేదని తర్వాత ఒప్పుకున్నాడు. మగవాళ్లను ఎవరూ అడగరు.

పెన్నా_ఒడ్డు:
నేను మగ ఆడ అన్నానా? దాచొద్దు అన్నాను, అంతే.

సుభాష్_రోడ్_అద్దాలాయన:
ఆ గొడవ ఆపండి. అనంతపురంలో 22 ఏళ్లుగా కళ్లు చూస్తున్నవాణ్ణి, నేను చెప్తా వినండి. కస్టమ్ అనే మాట ఒకటే, దాని కింద రెండు పద్ధతులు ఉన్నాయి. వేవ్‌ఫ్రంట్ గైడెడ్‌లో వెలుగు కన్ను మొత్తంలో ఎలా వంకర పోతుందో కొలుస్తారు. కాంటూరా లాంటి టోపోగ్రఫీ గైడెడ్‌లో కార్నియా పైభాగం ఎగుడుదిగుళ్లను 22,000 బిందువుల దగ్గర కొలుస్తారు. నీకు ఏది చెప్పారో ముందు అడుగు. ఇక స్మైల్ అని ఇంకో లేజర్ పద్ధతి ఉంది, దాంట్లో ఫ్లాప్ (కార్నియా మీద కోసే పలచటి మూత) ఎత్తరు, చిన్న కోతలోంచి సన్నని ముక్క లాగేస్తారు. ఒక్కసారి చేయించుకుంటే జన్మలో అద్దాల జోలికి పోనక్కర్లేదు.

ఉగ్గాని_బజ్జీ:
22 ఏళ్ల అనుభవంలో చత్వారం గురించి వినలేదా అన్నా? నలభై దాటాక పేపర్ చదవడానికి అద్దాలు వస్తాయి, లేజర్ చేయించుకున్నా సరే.

సుభాష్_రోడ్_అద్దాలాయన:
దూరం చూపు సంగతి చెప్పాను. అర్థం చేసుకునేవాళ్లకు అర్థమవుతుంది.

ఉగ్గాని_బజ్జీ:
'జన్మలో' అని రాసి ఉంది, పైకి వెళ్లి చూసుకో. నా సంగతి చెప్తా. మూడుసార్లు హైదరాబాద్ తిరిగా. మొదటి చోట వెంటనే చేసేస్తాం, కస్టమ్ ప్యాకేజీ అన్నారు. రెండో చోట స్కాన్‌లో కార్నియా మందం 470 మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), పైగా కింది వైపు ఉబ్బుతున్నట్టుంది, కెరటోకోనస్ (కార్నియా పలచబడి శంకువులా ఉబ్బే జబ్బు) అనుమానం, ముట్టుకోం అన్నారు. మూడో చోటా అదే మాట. మొదటి చోట చేయించుకుని ఉంటే ఈపాటికి ఏమయ్యేవాణ్ణో! లెక్క మీరే వేసుకోండి. ఫ్లాప్‌కి 110 దాకా, ఒక్కో డయాప్టర్‌కి, అంటే సైట్‌లో ఒక్కో నంబరుకి, సుమారు 14 మైక్రాన్లు చెక్కుతారు. కింద కార్నియా 250 కన్నా తక్కువ మిగలకూడదు, 300 ఉంటే మనసు నిమ్మళం.

గుంతకల్లు_జంక్షన్:
రైల్వేలో రైలు నడిపే ఉద్యోగం ఆలోచన ఉంటే చేయించుకోవద్దు. మా తమ్ముడు అసిస్టెంట్ లోకో పైలట్ రాతపరీక్ష పాసై మెడికల్‌లో పోయాడు. లేజర్ చేయించుకున్నవాళ్లను తీసుకోరని నోటిఫికేషన్‌లోనే ఉంది, ఎవడూ చదవడు. మా ఇంటి నిండా రైల్వేవాళ్లే, ఒక్కరూ చెప్పలేదు.

తాడిపత్రి_బండ:
చెప్పకుంటే ఎట్లా తెలుస్తుంది?

గుంతకల్లు_జంక్షన్:
స్కాన్‌లో కార్నియా మధ్యలో చదునుగా కనిపిస్తుంది బాబూ. డాక్టర్లేం గుడ్డివాళ్లా?

రాజంపేట_లారీ:
ఎక్సైమర్ లేజర్‌తో మాంసాన్ని కాల్చకుండా చెక్కవచ్చని 1981లో ఐబీఎం ల్యాబ్‌లో కనిపెట్టిన ముగ్గురిలో రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు, మద్రాసులో చదివినాయన. పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద ప్రయత్నించారట.

మామిడికాయ_పప్పు:
మా ఇంట్లో పండగైతే కోడి మిగిలేదెక్కడ!

ఉగ్గాని_బజ్జీ:
ఇన్సూరెన్స్ ఎవరూ చెప్పలేదు. సైట్ 7.5 డయాప్టర్ల కన్నా తక్కువుంటే ఈ ఆపరేషన్ ఖర్చు పాలసీ ఇవ్వదు. జేబులోంచే.

సుభాష్_రోడ్_అద్దాలాయన:
అసలు 5 దాకా అద్దాలే మంచివి అని నా సలహా.

ఉగ్గాని_బజ్జీ:
ఇప్పుడు బయటపడింది వ్యాపారం. ఇందాక జన్మలో అద్దాలొద్దన్నది ఎవరు?

సుభాష్_రోడ్_అద్దాలాయన:
నోరు అదుపులో పెట్టుకో. నా షాపులో ఉచితంగా కళ్లు చూసిన పేదవాళ్లు ఎంతమందో నీకేం తెలుసు?

కొండారెడ్డి_బురుజు:
అందరికీ దండం. నేనడిగింది 30 వేల సంగతి. పెళ్లి గురించి సలహా అడగలేదు పెన్నా అన్నా, సైట్ ఉందని బయోడేటాలోనే రాశాం. ఈ రోజు ఇంకో డాక్టరుకు చూపించా. కార్నియా మందం 528 ఉంది. ఆకారం సమంగానే ఉంది, మామూలు పద్ధతే చాలేమో, కస్టమ్ అవసరమా కాదా అన్నది సరైన స్కాన్ చూశాక చెప్తానన్నాడు. నేను మొన్నటిదాకా కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్నానని మొదటి చోట ఎవరూ అడగలేదు. లెన్సు నొక్కుడుకు కార్నియా ఆకారం మారి ఉంటుందట. రెండు వారాలు మానేసి మళ్లీ రమ్మన్నాడు. అందుకని పాత సోడాబుడ్డి అద్దాలు తీశా. అబ్బాయి వాళ్లు ఈ ఆదివారమే వస్తున్నారు.

మామిడికాయ_పప్పు:
వాటితోనే కూర్చో తల్లీ. అబ్బాయి మొహమన్నా సరిగ్గా కనిపిస్తుంది.

సుభాష్_రోడ్_అద్దాలాయన:
సోడాబుడ్డి ఎందుకమ్మా, హై ఇండెక్స్ పల్చటివి వేస్తే రెండు రోజుల్లో రెడీ. నంబరు చీటీ పంపు, శనివారానికి కర్నూలు బస్సులో పెట్టిస్తా.

ఉగ్గాని_బజ్జీ:
చెప్పలా!