పెంజీకటికవ్వల ఏముంది? పోతన పద్యం, నాసదీయం, ఆదికాండం

మొన్నటి నుంచి గ్రూపులో నడుస్తున్న చర్చకి ఇది నా వంతు. కామెంటులో రాద్దామంటే పొడుగైపోయింది, అందుకే విడిగా పెడుతున్నాను. పోతన భాగవతంలో మొసలికి చిక్కిన గజేంద్రుడు చదివే ఈ పద్యం అందరికీ నోటికొచ్చిందే:

లోకంబులు లోకేశులు
లోకస్థులు తెగిన తుది నలోకంబగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్

ముందు చిన్న సంగతి తేల్చేద్దాం. "కవ్వల" అంటే ఏమిటని ఇద్దరు అడిగారు. అలాంటి మాటేం లేదండీ, అది చీకటికిన్ + అవ్వల. అచ్చులో మధ్యన ఖాళీ వదలడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. పెను చీకటికి అవతల, అంతే.

ఇక అసలు గొడవ. "బైబిలు మొదటి పుస్తకం ఆదికాండంలో ఉన్నదీ ఈ చీకటే కదా, అన్ని మతాలూ చెప్పేది ఒకటే" అని ఒకరు, "బైబిలు వాళ్లు దాన్ని వేదంలోంచి ఎత్తుకుపోయారు" అని ఇంకొకరు. ఇద్దరూ చీకటి అన్న మాట కనపడగానే అక్కడే ఆగిపోయారు. ఆ చీకటి దగ్గర ఎవరు ఎవర్ని ఏమడుగుతున్నారో చూస్తే రెండు వాదాలూ నిలబడవని నా అభిప్రాయం.

పోతన పద్యానికి మూలం సంస్కృత భాగవతం అష్టమ స్కంధంలో గజేంద్రుడి స్తుతి: "తమస్తదాసీద్ గహనం గభీరం, యస్తస్య పారేఽభివిరాజతే విభుః". గహనం గభీరం అన్న జంట ఎక్కడిదంటే ఋగ్వేదం పదో మండలం, 129వ సూక్తం, అంటే మనం నాసదీయం అనేది. మొదటి మంత్రం చివర "అంభః కిమాసీద్ గహనం గభీరమ్" అని ఉంటుంది. సృష్టికి ముందు లోతు తెలియని నీళ్లేమైనా ఉన్నాయా, అని. వేదంలో అది ప్రశ్న, చూశారా! భాగవతానికి వచ్చేసరికి "కిం" పోయింది, నీళ్లు పోయి చీకటి వచ్చింది, ప్రశ్న కాస్తా జవాబైంది. ఆ రెండో సగం, "తస్య పారే", అది ఇంకో చోటి గొంతు. గుళ్లో అభిషేకం జరిగేటప్పుడు పురుషసూక్తం వినే ఉంటారు: "వేదాహమేతం పురుషం మహాంతం, ఆదిత్యవర్ణం తమసస్తు పారే". చీకటికి ఆవలి ఒడ్డున సూర్యుడిలా వెలిగే ఆ పురుషుణ్ణి నేనెరుగుదును అంటున్నాడు ఆ ఋషి. వేద అహం, నాకు తెలుసు అని.

నాసదీయం ఋషేమో "కో అద్ధా వేద" అంటాడు. నిజంగా ఎవరికి తెలుసు? దేవతలు కూడా సృష్టి తర్వాత వచ్చినవాళ్లేగా, వాళ్లనేం అడుగుతాం? అక్కడితోనూ ఆగడు. పరమాకాశంలో ఉండి దీనికంతకీ అధ్యక్షుడైనవాడున్నాడే, "సో అంగ వేద, యది వా న వేద". ఆయనకి తెలిసి ఉంటుంది, లేదా ఆయనకీ తెలియదేమో! సూక్తం అక్కడ అయిపోతుంది. ఒక్క వేదంలోనే "నాకు తెలుసు", "ఎవరికి తెలుసు" రెండూ ఉన్నప్పుడు వేదం ఇలా చెప్తుంది, పాశ్చాత్యులు అలా చెప్తారు అని ఒక్క ముక్కలో తేల్చేసే పోస్టులు చూస్తే నాకు చిరాకు.

ఇప్పుడు బైబిలు. "చీకటి అగాధ జలము పైన కమ్మియుండెను" అని తెలుగు బైబిల్లో ఉంది. చీకటి ఉంది, నీళ్లున్నాయి, లోతూ ఉంది. వర్ణనలో పోలిక నిజమే, కాదనను. కానీ అక్కడ సందేహపడే గొంతు లేదు. దేవుడు పలికాడు, వెలుగు కలిగింది. అంటే వెలుగు ఆయన చేసిన వస్తువు. పోతన వెలుగు అలాంటిది కాదు, లోకాలూ లోకేశులూ అన్నీ పోయాక కూడా ఉండేది. దానికి దగ్గరగా వచ్చే మాట ఆదికాండంలో కాదు, బైబిల్లోనే యోహాను మొదటి పత్రికలో ఉంది, "దేవుడు వెలుగై యున్నాడు" అని. ఖురాన్‌లో 24వ సూరా 35వ ఆయత్ కూడా అల్లాహ్‌ని భూమ్యాకాశాల వెలుగు అంటుంది. పోల్చాలంటే వీటిని పక్కన పెట్టుకుని చూడాలి.

నాసదీయానికి సరైన జోడీ బైబిల్లోని యోబు గ్రంథమని నాకనిపిస్తుంది, అదీ తలకిందులుగా. అందులో 38వ అధ్యాయంలో దేవుడే ఎదురు ప్రశ్న వేస్తాడు: "నేను భూమికి పునాదులు వేసినప్పుడు నీవెక్కడ నుంటివి?" తెలియనిది మనిషికి, తెలిసినవాడు అడుగుతున్నాడు. వేదంలో మనిషే అధ్యక్షుడి వైపు తలెత్తి నీకైనా తెలుసా అంటున్నాడు. తొలినాటి క్రైస్తవ పండితుడు సెయింట్ అగస్టీన్ దగ్గరా ఈ ప్రశ్న వస్తుంది, సృష్టికి ముందు దేవుడేం చేస్తుండేవాడని. ఇలాంటి కూపీలు లాగేవాళ్ల కోసం నరకం తయారుచేస్తున్నాడు అని అప్పటికే ఒక జోకు ఉండేదట. ఆ జోకు తాను చెప్పననీ, తెలియనిదాన్ని తెలియదనే అంటాననీ రాశాడాయన. పెద్దమనిషి! అయినా ఆ తెలియకపోవడం తనదే, దేవుడిది కాదు. గ్రీకు తాత్వికుల్లో పార్మెనిడీస్ అయితే లేనిదాన్ని గురించి అనుకోనూలేం, చెప్పనూలేం, ఆ దారే వద్దంటాడు. మన ఋషి మొదలెట్టడమే ఆ దారిలో: "నాసదాసీన్నో సదాసీత్", లేనిదీ లేదు, ఉన్నదీ లేదు. ఏమీ లేకపోవడానికి బదులు ఏదో ఒకటి ఎందుకుంది అని 1714లో జర్మన్ తాత్వికుడు లైబ్నిజ్ అడిగాడు గానీ, అడిగి వెంటనే దేవుడే కారణమని తేల్చేశాడు.

మనవాళ్లు మాత్రం ఆ ప్రశ్నని అలాగే ఉంచారా? 14వ శతాబ్దంలో విజయనగరంలో కూర్చుని వేదానికి భాష్యం రాసిన సాయణుడు, సర్వజ్ఞుడైన ఈశ్వరుడికే తెలియాలి, ఇంకెవరికీ తెలియదు అని సర్దేశాడు. మంత్రంలో ఉన్న మాట అది కాదు. సంప్రదాయానికి కూడా ఆ చివరి పాదం కాస్త టెన్షన్ పెట్టిందన్నమాట.

పోతనకి ఆ టెన్షన్ లేదు. పెంజీకటి పద్యం చదివిన అదే ఏనుగు చేత కాసేపటికి "కలడు కలండనెడివాడు కలడో లేడో" అనిపిస్తాడు. వ్యాసుడి గజేంద్రుడికి ఈ సందేహం రాదు. ఇది నాసదీయపు సందేహమేనా అంటే, సగం. అక్కడ ఋషికి సృష్టి సంగతి కావాలి. ఇక్కడ కాలు మొసలి నోట్లో ఉంది.

తా.క.: "మరి పోతనకి నాసదీయం తెలుసా" అని కింద అడిగారు. చెప్పలేను గానీ, ఆ సందేహపు పద్యం "కలడందురు" తర్వాత వచ్చే సీసం ఎత్తుగడ చూడండి: "కలుగడే నాపాలి కలిమి సందేహింప కలిమిలేములు లేక కలుగువాడు". కలిమిలేములంటే సిరిసంపదలూ దరిద్రమూ అని చాలామంది అర్థం చెప్తారు, అదీ కుదురుతుంది. నేను మాత్రం ఉనికి, లేమి అనే చదువుకుంటాను. సత్తూ అసత్తూ రెండూ కాకుండా ఉండేవాడు అని. "నాసదాసీన్నో సదాసీత్"కి ఇంతకన్నా మంచి తెలుగు మీకెవరికైనా కనిపిస్తే కింద పెట్టండి.