మాగ్నోలియాకు కుండీ శాశ్వత నివాసం కాగలదా?

మేడతోట:

మూడేళ్ల కిందట ఒక సూలాంజియానా మాగ్నోలియా అంటు మొక్కను కొని, 40 సెంటీమీటర్ల వెడల్పున్న కుండీలో నాటి మేడమీద పెట్టుకున్నాను. ఈ మొక్క ఎన్నేళ్లయినా కుండీలోనే ఉంటుందని, అప్పుడప్పుడు కొంచెం పెద్ద కుండీకి మారిస్తే చాలునని అమ్మినవారు చెప్పగా నమ్మాను. మొదటి వసంతంలో 14 పూలు పూసింది. ఆకు ఇంకా తొడగని బోసి కొమ్మల మీద, లోపల తెల్లగా, వెలుపల అడుగు నుంచి పైకి పాకే గులాబీ జీరతో, దోసిలి పట్టినట్టు విచ్చుకున్న ఆ పూలను చూడడానికే వారం రోజులు పొద్దున్నే మేడ ఎక్కేవాణ్ణి. ఈ వసంతంలో మాత్రం నాలుగే పూశాయి. తరువాత వచ్చిన ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉన్నాయి గాని, ఈనెల నడుమ భాగమంతా పసుపు తిరిగింది.

కొందరు పెద్ద కుండీకి మార్చమంటున్నారు, కొందరు నేలలో నాటెయ్యమంటున్నారు. ఇంటి వెనుక నాకు కొద్దిపాటి ఖాళీ నేల ఉంది. నా మొక్క సంగతి ఒక్కటే కాకుండా, అసలు మాగ్నోలియాను కుండీలో పెంచడం సబబేనా అన్న విషయం మీద అనుభవమున్నవారు తమ అభిప్రాయాన్ని కారణాలతో సహా చెప్పాలని కోరుతున్నాను.

వేరుచూపు:

సబబు కాదని నా అభిప్రాయం. కారణం వేరులోనే ఉంది.

సన్నని పీచు వేళ్లు దట్టంగా అల్లుకునే మొక్కలు కుండీకి త్వరగా అలవాటు పడతాయి. వాటి వేళ్లను కొంత కత్తిరించినా నెల తిరగకుండా కొత్తవి పుట్టుకొస్తాయి. మాగ్నోలియా వేరు అటువంటిది కాదు. కండపట్టి, తాడులాగా లావుగా, పిల్లవేళ్లు తక్కువగా వేస్తూ, నేల పైపొరలోనే పక్కలకు పాకుతూ, కొమ్మల నీడ పడే మేరను దాటి కూడా పోతుంది. విరిగితే ఆ గాయం మానడానికి చాలా కాలం పడుతుంది, నీరు నిలిచిన చోట ఆ గాయం నుంచే కుళ్లు మొదలవుతుంది. అటువంటి వేరుకు కుండీ గోడ అడ్డం వస్తే గోడ వెంబడి చుట్టు తిరగడం తప్ప వేరే దారి లేదు.

ఆరేళ్లు కుండీలో పెంచి పోగొట్టుకున్న చెట్టు నాకూ ఒకటి ఉంది కాబట్టి ఈ మాట అంటున్నాను. ఆకులు ముందు పసుపు తిరిగి, తరువాత అంచులు మాడి, చివరికి ఒక వేసవిలో పది రోజుల్లో చెట్టంతా ఎండిపోయింది. కుండీని పగలగొట్టి చూస్తే వేళ్లు తాడు చుట్టలాగా మట్టి చుట్టూ మూడు నాలుగు వరుసలు తిరిగి ఉన్నాయి, వాటిలో చిటికెన వేలంత లావున్నది ఒకటి మొదలునే చుట్టి బిగిసింది. బాగున్న వేరును గోటితో గీరితే ఘాటైన సువాసన వచ్చింది. అడుగున ఉన్న వేరు మాత్రం నల్లబడి, పట్టుకోగానే పైతోలు చేతికి ఊడి వచ్చింది. పైన ఆకును చూస్తూ నీళ్లు తక్కువయ్యాయేమోనని రెండు పూటలా పోసిన నేను, నిజానికి కింద వేరును ముంచి చంపాను.

మేడతోట గారి మొక్కకు వచ్చినది ఇనుము అందకపోవడం వల్ల కలిగే లక్షణమే అనిపిస్తోంది. ఈనెలు పచ్చగా ఉండి నడుమ పసుపెక్కడం, అదీ లేత ఆకుల్లో ముందుగా కనబడడం దాని గుర్తు. చాలామటుకు మాగ్నోలియాలు కొంచెం ఆమ్లగుణం గల నేలను, అంటే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండే నేలను ఇష్టపడతాయి. సున్నపు శాతం ఎక్కువగా ఉన్న నీటిని కుండీకి ఏళ్ల తరబడి పోస్తే ఉన్న కాస్త మట్టి క్షారగుణానికి మారిపోతుంది, అప్పుడు ఇనుము మట్టిలో ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు.

సూలాంజియానా పుట్టుక కూడా గమనించదగినది. పారిస్ దగ్గర ఎతియెన్ సూలాంజ్ బోదాఁ 1820లో డెన్యూడాటా, లిలిఫ్లోరా అనే రెండు జాతులను కలిపి దీన్ని సృష్టించారు. లిలిఫ్లోరా పొదే గాని డెన్యూడాటా పెద్ద చెట్టు. ఆ వారసత్వం వల్ల సూలాంజియానా ఎత్తూ వెడల్పూ రెండూ ఆరు మీటర్లకు చేరగల చెట్టు. ఎంత పెద్ద కుండీ తెచ్చినా దానికి అది తాత్కాలికమే.

నక్షత్రకుండీ:

వేరుచూపు గారు వేరు స్వభావం గురించి చెప్పినదంతా నిజం. దాన్ని ఆధారం చేసుకుని ఇచ్చిన తీర్పుతో మాత్రం ఏకీభవించలేను. మాగ్నోలియా అనేది ఒక చెట్టు పేరు కాదు, 300కు పైగా జాతులున్న ప్రజాతి పేరు. హిమాలయాల కాంప్‌బెల్లై విత్తనం నుంచి పూతకు రావడానికి ఇరవై ముప్పై ఏళ్లు తీసుకునే మహావృక్షం, జపాన్ నుంచి వచ్చిన స్టెల్లాటా మూడు మీటర్లు దాటడమే అరుదైన పొద. ఈ రెండింటికీ ఒకే న్యాయం చెప్పడం కుదరదు.

నా దగ్గర స్టెల్లాటా పదకొండేళ్లుగా కుండీలోనే ఉంది, ఏటా పూస్తోంది. 30 సెంటీమీటర్ల కుండీలో మొదలుపెట్టి, మూడు నాలుగేళ్లకు ఒకసారి మారుస్తూ ఇప్పుడు 60 సెంటీమీటర్ల దానికి వచ్చాను. వేళ్లు లోతుకు కాక పక్కలకు పోతాయి కాబట్టి లోతు కంటే వెడల్పు ఎక్కువున్న కుండీనే ఎంచుకున్నాను. తోటమట్టి అసలు వాడను, ఎందుకంటే కుండీలో అది ఏడాది తిరిగేసరికి గట్టిపడి వేరుకు ఊపిరాడనివ్వదు. మొరం ముక్కలంత బెరడు తునకలు, మాగిన ఆకు ఎరువు, ఉప్పు పోయేలా బాగా కడిగిన కొబ్బరిపొట్టు, పెర్లైట్ అనే తేలికైన తెల్లని గుళికలు కొంచెం కలుపుతాను. కుండీని ఇటుకల మీద ఎత్తి ఉంచుతాను. వాన నీటిని పట్టి దాచుకుని అదే పోస్తాను.

ఎక్కువమంది పొరపాటు చేసేది ఒక్క దగ్గరే. వసంతంలో పూసే రకాలు మరుసటి ఏటి మొగ్గను ముందటి వేసవిలోనే కట్టుకుంటాయి. పూత అయిపోయిందని వేసవి చివర్లో కుండీని మరచిపోతే, మట్టి రెండు మూడుసార్లు పూర్తిగా ఎండితే చాలు, మొగ్గ కట్టడం తగ్గుతుంది, కట్టినది కూడా రాలిపోతుంది. మేడతోట గారి 14 పూలు నాలుగైన కారణం కొంతవరకు అక్కడ కూడా ఉండవచ్చు. ఆకు రాలాక కొమ్మ కొసల్లో పూమొగ్గలు స్పష్టంగా తెలుస్తాయి: ఆకుమొగ్గ సన్నగా అంటుకుని ఉంటుంది, పూమొగ్గ బొద్దుగా, పిల్లికూన చెవి మీద ఉండే నూగు వంటి బూడిదరంగు నూగుతో ఉంటుంది. చలికాలమంతా రోజూ ఒకసారి ఆ మొగ్గలను వేలితో తాకి చూడడం నాకు అలవాటు.

కుండీ వల్ల నేలకు లేని లాభం ఒకటి ఉంది. ముందుగా పూసే రకాలకు పెద్ద శత్రువు ఆలస్యంగా వచ్చే మంచు. చెట్టునిండా విచ్చిన పూలు ఒక్క రాత్రి గడ్డకట్టే చలికి గోధుమరంగు గుడ్డపీలికల్లా వేలాడతాయి. నేలలో ఉన్న చెట్టుకు అప్పుడు మనం చేయగలిగింది తక్కువ. కుండీనైతే ఆ రాత్రికి వసారాలోకి జరుపుతాను. చలి ప్రాంతాల్లో కుండీ పక్కల నుంచి వేరుకు చలి సోకుతుందన్నది నిజమే గాని, నడిచలికాలంలో కుండీకి గోనెపట్టా చుట్టి గోడవారగా ఉంచితే సరిపోతోంది.

స్టెల్లాటా ఒక్కటే కాదు. అమెరికా జాతీయ వృక్షోద్యానంలో 1950ల నడుమ లిలిఫ్లోరా, స్టెల్లాటాలను కలిపి తయారుచేసిన ఆన్, బెట్టీ, జేన్, సూసన్ వంటి రకాలు సుమారు రెండు వారాలు ఆలస్యంగా పూస్తాయి కాబట్టి మంచు బెడద కూడా తక్కువ. వాటినీ పెద్ద కుండీలో చాలా ఏళ్లు ఉంచవచ్చు.

సంపెంగనీడ:

చర్చ అంతా చలిలో ఆకు రాల్చే రకాల చుట్టూ తిరుగుతోంది. వేడి ప్రాంతాల్లో మాగ్నోలియా అంటే మొదట సంపెంగే. ఒకప్పుడు మిచేలియా అనే ప్రజాతిలో ఉంచిన సంపెంగను ఇప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు మాగ్నోలియా చంపకా అంటున్నారు. (మన పేర్లతో మాత్రం జాగ్రత్త అవసరం. నేలసంపెంగ ఈ కుటుంబానికే చెందదు, ఆకుసంపెంగ సీతాఫలం కుటుంబంలోనిది. వాటిని కుండీలో పెంచిన అనుభవం సంపెంగకు పనికిరాదు.)

సంపెంగ విషయంలో నేను వేరుచూపు గారి పక్షమే. ముప్పై మీటర్ల వరకు పెరగగల చెట్టును, మోకాలెత్తు అంటు మొక్కగా ఉన్నప్పుడే రెండు పూలు పూసిందని చూపి కుండీమొక్కగా అమ్మడం సరికాదు. అంటు కట్టినది త్వరగా పూస్తుంది, విత్తనపు మొక్క ఏళ్ల తరబడి ఆగుతుంది. ఈ తేడా పూత వయసులోనే గాని చెట్టు పెరిగే తీరులో కాదు. గ్రాండిఫ్లోరా అనే మరొక మాగ్నోలియా జాతి సంగతీ అంతే. లిటిల్ జెమ్ అనే పొట్టి రకం పేరు విని మోసపోకూడదు, అది ఇరవై మీటర్లు దాటే చెట్టుతో పోలిస్తే పొట్టి, దానికీ ఆరు మీటర్ల ఎత్తుంది.

వేడిచోట్ల ఇంకొక చిక్కు ఉంది. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండకు కాలితే, ఎండవైపు గోడనానుకున్న మట్టి వేడి 40 డిగ్రీలు దాటి, గోడ వెంబడి తిరిగే లేతవేళ్ల కొసలు దెబ్బతింటాయి. లేతరంగు కుండీని ఇంకొక పెద్ద కుండీలో దించి నడుమ ఖాళీని ఆకులతో నింపితే ఈ బాధ చాలా తగ్గుతుంది.

కుండీకి నిజంగా ఒదిగేది ఫిగో. ఇది నిదానంగా పెరిగే సతతహరితమైన పొద, కత్తిరింపుకు లొంగుతుంది. పూవు బొటనవేలి కొస కంటే కాస్త పెద్దది, మీగడ రంగు రేకులకు ఊదా అంచు ఉంటుంది. ఎండ ముదిరిన మధ్యాహ్నం దగ్గరికి వెళితే అచ్చంగా మాగిన అరటిపండు వాసన వేస్తుంది, పొద్దున్న అంత ఘాటు ఉండదు. కోకో అనే మరొక చిన్న పొద తలవంచిన తెల్లని పూలతో రాత్రిపూట పరిమళిస్తుంది. మంచు కురవని చోట ఉన్నవారు ముందు ఈ రెండింటినీ చూడాలని నా మనవి.

వేరుచూపు:

స్టెల్లాటా, ఫిగోల విషయంలో నా మాటను సవరించుకుంటున్నాను. పదకొండేళ్ల ఆరోగ్యమైన మొక్క ముందు నా ఆరేళ్ల నష్టాన్ని సాక్ష్యంగా నిలబెట్టలేను. అయితే నక్షత్రకుండీ గారు కుండీ మార్చడం గురించి చెప్పారు గాని వేళ్లను ఏం చేస్తున్నారో చెప్పలేదు. 60 సెంటీమీటర్ల తరువాత ఏం చేస్తారు? కుండీ పెంచడం ఎక్కడో ఆగక తప్పదు, ఆ రోజున వేరు కోయక తప్పదు. నాకు సందేహమంతా ఆ కోతలోనే ఉంది.

నక్షత్రకుండీ:

అడగవలసిన ప్రశ్నే. కోస్తాను, కాని ఒకేసారి చుట్టూ కోయను. వసంతారంభంలో మొగ్గ కదులుతున్నప్పుడు వేళ్ల ముద్దను బయటికి తీసి, గోడకు తగిలి తిరిగిన సన్నవేళ్లను ఒక పక్క మాత్రమే పదునైన కత్తితో కోసి అక్కడ కొత్త మిశ్రమం నింపుతాను, రెండో పక్కను రెండేళ్ల తరువాత ముట్టుకుంటాను. పెన్సిల్ లావు మించిన వేరును కోయను, విప్పి సర్దుతాను. ఇప్పటికి ఒక్కసారే అలా చేశాను. ఆ ఏడు పూత సగానికి తగ్గింది, మరుసటి ఏడు తిరిగి కోలుకుంది. సూలాంజియానాకు ఇదే పద్ధతి సరిపోతుందని మాత్రం నేను చెప్పను. మేడతోట గారికి నేల ఉంది కాబట్టి నేలలోనే నాటాలని నా సలహా కూడా.

వేరుచూపు:

అయితే ఇప్పుడే నాటవద్దు. ఆకు మీదున్న మొక్కను ఎండల్లో కదిలిస్తే తేరుకోవడం కష్టం. మరుసటి వసంతారంభం దాకా ఆగి, ఈలోగా వాన నీరు, కీలేటెడ్ ఇనుము (క్షారగుణం గల మట్టిలోనూ వేరు తీసుకోగల రూపంలో ఉండే ఇనుము) ఇవ్వండి. నాటేటప్పుడు గొయ్యిని లోతుగా కాక వెడల్పుగా తీసి, మొదలు ఇప్పుడు ఎంత మట్టంలో ఉందో అంతలోనే ఉంచండి, లోతుకు దించితే మొక్క కుంగిపోతుంది. పాదును వెడల్పుగా చేసి, ఆకుచెత్త గాని బెరడు గాని నాలుగు వేళ్ల మందాన పరచండి, మొదలుకు తగలనివ్వకండి. ఆ తరువాత ఆ పాదులో పార పడకూడదు. పూలమొక్కలు పెట్టాలని ఏటా తవ్వితే పైపొరలోని వేళ్లన్నీ తెగుతాయి. స్థలాన్ని కూడా బాగా ఆలోచించి ఎంచుకోండి, ఎదిగిన మాగ్నోలియా చోటు మార్చడానికి ఒప్పుకోదు.

మేడతోట:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం కుండీని పక్కకు వంచి, వేళ్ల ముద్దను జాగ్రత్తగా బయటికి లాగి చూశాను. వేరుచూపు గారు వర్ణించినట్టే గోడ వెంబడి రెండు వరుసలు తిరిగి ఉన్నాయి, కాని నలుపు లేదు, అన్నీ లేత గోధుమరంగులో గట్టిగా ఉన్నాయి. పెన్సిలంత లావున్నది ఒక్కటే కనిపించింది, అది మొదలు దాకా రాలేదు. దాన్ని కదపకుండా మళ్లీ కుండీలో దించి, వాన నీరు పోశాను.

ఇంటి వెనుక ఉదయపు ఎండ కాస్త ఆలస్యంగా పడే మూలలో, గోడకు మూడున్నర మీటర్ల దూరంలో ఒక గుంజ పాతి గుర్తు పెట్టుకున్నాను. మంచు పడిన రాత్రి తెల్లవారగానే ఎండ తగలకపోతే పూలు కొంతైనా నిలుస్తాయని విన్నాను. ఎవరికైనా దీనికి విరుద్ధమైన అనుభవం ఉంటే, గుంజ పీకడం ఇప్పుడు తేలిక కాబట్టి వసంతం రాకముందే చెప్పండి. మేడమీద ఖాళీ అయ్యే కుండీలోకి స్టెల్లాటా తెస్తాను.