మేజిక్ కింగ్‌డమ్‌లో మధ్యాహ్న భోజనం: బుక్ చేసుకున్న రెస్టారెంటా, పులిహోర డబ్బానా?

ఆవకాయజాడీ: అమెరికాలోని ఓర్లాండో, డిస్నీ వాళ్ల మేజిక్ కింగ్‌డమ్ పార్కు, జూలై. ఎనిమిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, అమ్మమ్మ తాతయ్యలు, అందరూ శాకాహారులే. పార్కుకు ఒక్కరోజే ఉంది. భోజనానికి ముందే సీట్లు బుక్ చేసుకోవాలా, కట్టుకెళ్లాలా?

డబ్బాపక్షం: కట్టుకెళ్లడమే. డిస్నీ వాళ్లు బయటి తిండి రానిస్తారు. గాజు సీసాలు, మద్యం, విడి ఐస్ మాత్రం కుదరవు. కూర్చుని తినే చోట గంటా గంటన్నర పోతుంది. 'బీ అవర్ గెస్ట్' రెస్టారెంట్‌లో మూడు వంటకాలకు కలిపి ఒకటే ధర. నాలుగేళ్ల పాప రెండు ముద్దలు తిన్నా పిల్లల ధర మొత్తం కట్టాల్సిందే. నీళ్లు కొనకండి, కూల్‌డ్రింకులు పోసే కౌంటర్లలో ఐస్ నీళ్ల గ్లాసు ఉచితం.

చల్లనినీడ: డబ్బాపక్షం గారూ, జూలైలో మధ్యాహ్నం ఎండ 33 డిగ్రీలు, ఆపైన ఉక్క. పెద్దవాళ్లకు తిండికన్నా ముందు ఏసీలో కుర్చీ కావాలి. పిడుగుల వాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే పడుతుంది. అప్పుడు సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్, డంబో లాంటి బయటి రైడ్లన్నీ ఆపేస్తారు. ఆ గంటలోనే భోజనం పెట్టుకుంటే పోయేదేమీ లేదు. బుకింగ్ 60 రోజుల ముందే తెరుస్తారు. రాకుండా ఊరుకుంటే చాలాచోట్ల తలకు 10 డాలర్లు పడతాయి కాబట్టి, మానేస్తే రెండు గంటల ముందే రద్దు చేయండి. ఇంకోటి, ఆ ఎండలో పెరుగన్నం గంట దాటితే తినకూడదు.

డబ్బాపక్షం: పెరుగన్నం వద్దు, ఒప్పుకుంటాను. పులిహోరైనా అన్నమే కదా, చాలామంది వేడివేడిగా మూతపెట్టేస్తారు. ఆవిరి నీరై కారి, పదకొండింటికల్లా వాసనొస్తుంది. పళ్లెంలో పరిచి చల్లార్చి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున చల్లటి డబ్బాను గడ్డకట్టిన జెల్ ప్యాక్‌ల మధ్య సర్దాలి. చింతపండు కాస్త ఎక్కువే వేయండి. వేడిచేసి ఇవ్వమంటే రెస్టారెంట్ల వాళ్లు ఇవ్వరు. ఏసీ కోసమే అయితే భోజనం బిల్లెందుకు? ఏసీ హాళ్లలో కూర్చుని చూసే షోలున్నాయి: ఫిల్హార్‌మ్యాజిక్‌లో 12 నిమిషాలు, హాల్ ఆఫ్ ప్రెసిడెంట్స్‌లో ఇంకా ఎక్కువసేపు కూర్చోవచ్చు.

మధ్యేమార్గి: రెండూ వదిలి ఫోన్‌లో ఆర్డర్ పెట్టండి. పన్నెండింటికి డిస్నీ యాప్ తెరిస్తే దగ్గరి సమయాలు అయిపోయి ఉంటాయి, పొద్దున రైడ్ లైన్లో నిలబడ్డప్పుడే 11 గంటల సమయం పట్టేయాలి. మెనూలో ఆకు గుర్తున్నవాటిలో పాలు, గుడ్లు కూడా ఉండవు.

భోజనంకన్నా ఎత్తు లెక్క ముందు చూసుకోండి. స్పేస్ మౌంటెన్ రైడ్‌ ఎక్కాలంటే కనీసం 44 అంగుళాల ఎత్తుండాలి, ట్రాన్ రైడ్‌కు 48. బాబు 48 లేకపోతే ట్రాన్ మాట ఇంట్లోనే తేల్చేయండి, గేటు దగ్గర ఏడిపించొద్దు. పాప ఎక్కలేనివాటికి గేటు దగ్గరే 'రైడర్ స్విచ్' అడగండి: ఒకరు ఎక్కి దిగేదాకా రెండోవారు పాపతో ఉంటారు, తర్వాత రెండోవారు మామూలు లైన్లో మళ్లీ నిలబడకుండా ఎక్కుతారు.

చల్లనినీడ: ఆ ఖాళీలోనే పాపకు తినిపించేయొచ్చు, నిజమే. అయినా తాతయ్య గారికి మోకాళ్ల నొప్పులుంటే నా ఓటు బుక్ చేసిన కుర్చీకే.

ఆవకాయజాడీ: మోకాళ్లు నొప్పులే. రెండింటికి రెస్టారెంట్ బుక్ చేసి, పదకొండింటికి పిల్లలకు డబ్బా తీస్తాం.