ఫెంగ్‌షుయ్: తలాపు పడమటికి తిప్పాలనుకుంటున్నాం, లెక్క సరేనా?

వెన్నెలగది:
పడకగది తూర్పు-పడమరలు 12 అడుగులు, ఉత్తర-దక్షిణాలు 11. గది తలుపు ఉత్తర గోడకు తూర్పు చివర. పడమటి గోడలో ఉత్తరం వైపు నాలుగున్నర అడుగుల వెనక బాత్రూమ్, దాని తలుపూ అక్కడే. మిగతా ఆరున్నర అడుగులు గట్టి గోడ. ఇప్పుడు మంచం (వెడల్పు 5, పొడవు ఆరున్నర) తలాపు దక్షిణ గోడ మధ్యలో కిటికీ కింద ఉంది. తూర్పు గోడకు అద్దాల బీరువా. మావారు పుట్టింది 1984 జులై, నేను 1990 జనవరి 20. కువా సంఖ్యలు (పుట్టిన ఏడాది, ఆడా మగా తేడాను బట్టి మంచి దిక్కులు చెప్పే అంకెలు) ఆయనకు 7, నాకు 8 వచ్చాయి. ఇద్దరిదీ పశ్చిమ వర్గమే కదా?

దిక్సూచి:
కాదండీ, మీ సంఖ్య తప్పింది. కువా లెక్కలో ఏడాది మొదలయ్యేది జనవరి 1న కాదు, ఫిబ్రవరి 4 ప్రాంతంలో. చైనా కొత్త సంవత్సరాన్ని పట్టుకున్నా 1990లో అది జనవరి 27. ఎలా చూసినా మీది 1989 కిందికే వస్తుంది. ఏడాది చివరి రెండంకెలు కలపాలి: 8+9=17, 1+7=8. ఆడవాళ్ళకు 5 కలపాలి: 13, అంటే 4. మీవారిది: 8+4=12, 1+2=3, మగవాళ్ళకు 10లోంచి తీసేయాలి, 7. అది సరే. (2000 నుంచి పుట్టినవాళ్ళకు 9లోంచి తీసేయడం, 6 కలపడం.)

4 తూర్పు వర్గం, దాని మంచి దిక్కులు: ఉత్తరం, దక్షిణం, తూర్పు, ఆగ్నేయం. 7కు పడమర, వాయవ్యం, నైరుతి, ఈశాన్యం. అది పశ్చిమ వర్గం. రెండింటికీ ఉమ్మడి దిక్కు ఒక్కటీ లేదు.

గోడవెనక:
అలాంటప్పుడు దిక్కును పక్కనబెట్టి స్థానం చూడాలి. వెనక కొండ, ముందు ఖాళీ అన్న సూత్రమే పడకగదిలో తల వెనక గట్టి గోడ అవుతుంది. కిటికీ ఆ ఆసరా ఇవ్వదు. వెలుగు, గాలి, చప్పుడు నేరుగా తలమీదికే. పడమటి గోడ దక్షిణ సగానికి మంచం జరిపితే గది తలుపుకు ఐమూలగా, పడుకుని ఉండగానే తలుపు కనిపించేలా ఉంటుంది. కాళ్ళు తలుపుకు సూటిగా రావు. దక్షిణం పక్కన అడుగున్నర ఖాళీ కచ్చితంగా వదలండి. అంతకంటే ఉత్తరానికి జరిగితే తలాపు బాత్రూమ్ గోడ మీదికి పోతుంది, పైపుల చప్పుడు, చెమ్మ తప్పవు.

ఒక చిక్కు: అప్పుడు బీరువా అద్దాలు సరిగ్గా కాళ్ళకు ఎదురొస్తాయి. మసక ఫిల్మ్ అంటించండి, లేదా రాత్రి తెర వేయండి.

వెన్నెలగది:
మంచాన్ని కాస్త ఐమూలగా తిప్పి నైరుతికి పెడితే?

గోడవెనక:
వద్దు. తల వెనక ముక్కోణపు ఖాళీ మిగిలి ఆసరా పోతుంది. పైగా నైరుతి మీ 4కు పడదు.

దిక్సూచి:
తూర్పు గోడ ఆలోచన కూడా మానండి. 7కు అది జుయే మింగ్, నాలుగు చెడు దిక్కుల్లో అన్నిటికంటే చెడ్డది. పడమర ఆయనకు ఫూ వెయ్ (మంచి దిక్కుల్లో ఒకటి), మీకు లియూ షా (చెడు దిక్కుల్లో ఒకటి). స్థానం బాగుంది కాబట్టి అదే మేలు. పడుకున్నప్పుడు నడినెత్తి చూసే వైపే దిక్కు, ముఖం చూసే వైపు కాదు. ఇనుప మంచానికి, బీరువాకు దూరంగా కంపాస్ యాప్ తెరిచిన ఫోన్‌ను మట్టంగా పెట్టి మూడు చోట్ల కొలవండి. 247.5 నుంచి 292.5 డిగ్రీల మధ్య వస్తేనే అది పడమర.