జాన్ కార్టర్: అంత డబ్బు పోసి ఎక్కడ చెడగొట్టారు?

మారతహళ్లి_మావయ్య:
2012లో బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. అంగారకుడి మీదికెళ్ళిన హీరో కథ, ‘జాన్ కార్టర్’ అనే హాలీవుడ్ సినిమా త్రీడీలో వచ్చిందని అప్పు చేసి మరీ వెళ్ళాం. ఇంటర్వెల్ కాకముందే మావాడొకడు కళ్ళజోడు పెట్టుకునే నిద్రపోయాడు. తర్వాత ఆంధ్రా మెస్‌లో భోంచేస్తుంటే, వాడి టికెట్టుకే గిట్టుబాటైందని మిగతా ముగ్గురం తేల్చాం.

మొన్న ఆదివారం మా ఎనిమిదేళ్ళవాడితో మళ్ళీ చూశా. మరీ అంత చెత్తేం కాదు. కార్టర్ ఒక్కడే గుంపు మీద పడి కొడుతుంటే మధ్యలో భార్యను పాతిపెట్టిన జ్ఞాపకం చూపిస్తారే, అక్కడ నిజంగా కదిలిపోయా. తీసింది ‘వాల్-ఈ’ అనే యానిమేషన్ సినిమా తీసిన ఆండ్రూ స్టాంటన్. అయినా విడుదలైన పది రోజులకే 20 కోట్ల డాలర్ల దాకా నష్టమని నిర్మించిన డిస్నీయే ఒప్పేసుకుంది. గ్రాఫిక్స్ బానే ఉన్నాయి. మరి తేడా ఎక్కడ కొట్టింది?

వైట్‌ఫీల్డ్_బాబాయ్:
ఆ సినిమా మూడుసార్లు మొదలవుతుందండీ. ముందు అంగారకుడి మీద గాల్లో ఓడల యుద్ధం. అదేంటో అర్థమయ్యేలోపే 1881 న్యూయార్క్, మేనల్లుడి చేతిలో డైరీ. అందులోంచి 1868 అరిజోనా. హీరో ఇంకా అక్కడ కాలే పెట్టలేదు, హీలియం, జొడాంగా అనే నగరాలు, థెర్న్‌లనే జాతి అంటూ పేర్లు మన మీద పడిపోతాయి. పెళ్ళివారింటి గుమ్మంలోనే చుట్టాలందర్నీ వరసలతో పరిచయం చేసినట్టు! కొత్త గ్రహం హీరోతో పాటే మనకీ తెలిసుంటే ఆ మజా వేరు.

పాతపుస్తకాల_పిచ్చి:
బాబాయ్‌ చెప్పింది నిజమే. ఇంకోటి, పాపం దానికి పుట్టుకతోనే తగులుకున్న దోషం. రచయిత ఎడ్గార్ రైస్ బరోస్ ఈ సినిమాకి మూలమైన కథను పత్రికలో సీరియల్‌గా మొదలుపెట్టింది 1912లో. వందేళ్ళలో ఎంతోమంది అందులోంచి పట్టుకుపోయారు. ‘అవతార్‌’కి బరోస్ కథల స్ఫూర్తి ఉందని దాని దర్శకుడు కామెరాన్ కూడా చెప్పాడు. మనం వాటినే ముందు చూశాం. తీరా అసలుది వచ్చేసరికి, తాతను చూసి ‘అచ్చం మనవడి పోలికే’ అన్నట్టయింది. పైగా టైటిల్‌లోంచి ‘మార్స్’ తీసేశారు. జాన్ కార్టర్ అంటే ఎవరనుకుంటాం? నేనైతే ఏదో లాయర్ సినిమా అనుకున్నా.

సిల్క్‌బోర్డ్_ట్రాఫిక్‌లో_నేను:
నాకు కార్టర్ అంగారకుడి మీద వేసే ఆ గెంతులే ఎక్కలేదు. అంగారకుడి గురుత్వాకర్షణ మన దాంట్లో సుమారు 38 శాతం. ఇక్కడ రెండడుగులు ఎగిరేవాడు అక్కడ ఐదడుగుల పైచిలుకు ఎగురుతాడు, అంతే. వీడు మిడతలా మేడలెక్కేస్తుంటే ఇక ప్రమాదం ఏముంది? ఎక్కడ చిక్కుకున్నా ఓ గెంతు గెంతి బయటపడతాడని తెలిసిపోతుంది. నాకు టెన్షనే రాలేదు.

మారతహళ్లి_మావయ్య:
బాబాయ్‌గారూ, మీరన్నది కరెక్ట్. నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూసింది ఆ మొదటి భాగమే. మా అబ్బాయికి మాత్రం ఇవేం పట్టలేదు. ఆ కుక్కలాంటిది, వూలా, అది కావాలట. ఆ ఐదడుగుల లెక్క వాడికి చెప్పి చాలా తప్పు చేశా. ఆదివారం నుంచి మంచం మీంచి గెంతుతూ గోడ మీద పెన్సిల్‌తో గీతలు గీస్తున్నాడు. కింద ఉండే ఓనరాంటీ ఇప్పటికి రెండుసార్లు పైకొచ్చి ‘ఏనప్పా ఇదు?’ (ఏంటయ్యా ఇది?) అని అడిగి వెళ్ళింది.