పెర్ల్ జామ్ 'జెరెమీ' వీడియో: ఎంటీవీ కత్తెర కరెక్టేనా?

గిటార్‌పిచ్చి:
'టెన్' అమెరికా రాక్ బ్యాండ్ పెర్ల్ జామ్ వాళ్ల మొదటి ఆల్బమ్, 1991. అందులో 'జెరెమీ' సింగిల్‌కి మార్క్ పెల్లింగ్టన్ తీసిన వీడియో 1992లో మ్యూజిక్ ఛానెల్ ఎంటీవీలో తెగ తిరిగింది. టెక్సాస్‌లో ఒక కుర్రాడు క్లాసులో అందరి ముందే కాల్చుకుని చనిపోయాడని పేపర్లో చదివి బ్యాండ్ సింగర్ ఎడ్డీ వెడ్డర్ రాసిన పాట. అసలు వీడియోలో చివర్న పిల్లాడు తుపాకీ తన మీదే పెట్టుకుంటాడు, ఎంటీవీ తుపాకీ కనపడకూడదంది, సరే అని మొహం మీదకి జూమ్ చేసి దాన్ని ఎగరగొట్టేశారు, కానీ ఆ తర్వాత రక్తం మరకలతో బిగుసుకుపోయిన క్లాస్‌మేట్స్ షాట్ మాత్రం అలాగే ఉంచేశారు!! ఇంకేముంది, వీడు క్లాసంతా కాల్చి పారేశాడని బోలెడుమంది అనుకున్నారు. చచ్చిపోయిన పిల్లాణ్ణి హంతకుణ్ణి చేసింది ఆ కత్తెరే అంటాను.

రాత్రిరేడియో:
అన్నా కోపం అర్థమైంది గానీ, స్కూలు నుంచి రాగానే పిల్లలు పెట్టుకునే ఛానెల్ అది. అలాంటి షాట్ పగలూ రాత్రీ తిప్పమంటావా? ఏ ఛానెలైనా తీసేసేది.

గిటార్‌పిచ్చి:
తీసెయ్యమనే అంటున్నా బ్రో, తీస్తే రెండూ తియ్యాలి. కారణం దాచి రక్తం చూపిస్తే ఎవడైనా ఏమనుకుంటాడు?

వైజాగ్‌డ్రమ్మర్:
మరి పెల్లింగ్టన్ తప్పేం లేదా? ఆ రక్తం షాట్ తీసిందీ ఆయనే. పిల్లలు చేతులు అడ్డం పెట్టుకుని ఉంటారు అందులో, తుపాకీ లేకుండా చూస్తే భయపడి దాక్కుంటున్నట్టే ఉంటుంది. పైగా 1996లో వాషింగ్టన్ రాష్ట్రం మోజెస్ లేక్ స్కూల్లో జరిగిన కాల్పుల కేసు విచారణలో ఈ వీడియో ప్రస్తావన కూడా వచ్చింది. అందుకని వీడియో వల్లే జరిగిందని నేననను, అలా అనేవాళ్లతో నాకు పడదు.

రాత్రిరేడియో:
ఇంత గొడవైనా 1993లో ఎంటీవీయే దీనికి వీడియో ఆఫ్ ద ఇయర్‌తో కలిపి నాలుగు అవార్డులు ఇచ్చింది, అది మాత్రం కామెడీ 😂 బ్యాండ్ వాళ్లేమో మళ్లీ 1998 దాకా వీడియోనే తియ్యలేదు.

గిటార్‌పిచ్చి:
2020 జూన్‌లో కట్ లేని వెర్షన్ యూట్యూబ్‌లో పెట్టారు, అమెరికాలో తుపాకీ హింస మీద అవగాహన దినం రోజున. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి అప్పుడు మాట్లాడండి.

వైజాగ్‌డ్రమ్మర్:
చూశా. కథ ఇప్పుడు క్లియర్‌గానే ఉంది, ఒప్పుకుంటా. మా పన్నెండేళ్ల మేనల్లుడికి మాత్రం పాత వెర్షన్ కూడా చూపించను.